గర్భిణులకు ప్రోబయోటిక్ ఆహారం: ఏది ఎంచుకోవాలి, ఎలా తయారుచేయాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

గర్భంతో ఉన్నప్పుడు ప్రోబయోటిక్స్ మంచివన్న మాట చాలామంది వినే ఉంటారు. వినడానికీ, రోజూ తినే గిన్నెలో ఏముందో తెలియడానికీ మధ్య మాత్రం చాలా దూరం ఉంది. పులిసినదల్లా ప్రోబయోటిక్ అనుకునేవారున్నారు. పెరుగు తినడం మానేసి ఖరీదైన మాత్రలు మింగేవారూ ఉన్నారు. తాజాగా పితికిన పచ్చిపాలలోనే మంచి బ్యాక్టీరియా ఉంటుందని నమ్మి తాగేవారితోనే అసలు భయం. మేం చెప్పేది ఒక్కటే: దీన్ని మందుగా కాక ఆహారంగా చూడండి, శుభ్రంగా తయారైనదే తినండి, మాత్ర జోలికి వెళ్లేముందు డాక్టర్‌ని అడగండి.

దేన్ని ప్రోబయోటిక్ అంటారు

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటుచేసిన నిపుణుల బృందం 2001లో దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది. తగిన మోతాదులో తీసుకున్నప్పుడు మనిషి ఆరోగ్యానికి మేలు చేసే, బతికి ఉన్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్. అంటే అవి బతికుండాలి, సరిపడా సంఖ్యలో ఉండాలి, మేలు చేస్తాయని రుజువై ఉండాలి.

ఈ లెక్కన పులిసిన పిండిని ఉడికించినా, కాల్చినా అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అది తేలిగ్గా అరుగుతుంది, రుచిగా ఉంటుంది, తినడం మంచిదే. కానీ బతికున్న సూక్ష్మజీవుల కోసమే తింటున్నామనుకుంటే పొరపాటు. వెనిగర్‌లో నానబెట్టిన కూరగాయల సంగతీ ఇంతే. అక్కడ పులుపు వెనిగర్ నుంచి వచ్చింది, బ్యాక్టీరియా పులియబెట్టడం వల్ల కాదు. ఎక్కువ కాలం నిల్వ ఉండాలని, పులిశాక మళ్లీ వేడిచేసి అమ్మే పెరుగులోనూ, ఊరేసిన కూరగాయల సీసాల్లోనూ బతికున్నవి ఉండవు.

ఇంట్లో తోడేసిన పెరుగు మాటేమిటి? అందులో కోట్లకొద్దీ బతికున్న లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా ఉంటుంది. అది ఏ రకమో, ఎంత సంఖ్యో మనకు తెలియదు కాబట్టి, శాస్త్రం భాషలో దాన్ని ‘ప్రోబయోటిక్’ అనకుండా ‘జీవం ఉన్న పులియబెట్టిన ఆహారం’ అంటారు. అంతమాత్రాన దాన్ని తక్కువ చేయాల్సిన పనిలేదు. రోజువారీ భోజనానికి చాలామందికి అదే సరైనది.

ఏ మేలు ఆశించవచ్చు, ఏది ఆశించకూడదు

గర్భంలో ప్రొజెస్టరాన్ హార్మోన్ పెరిగి పేగుల కదలిక మందగిస్తుంది. మలబద్ధకం, కడుపు ఉబ్బరం దాంతోనే మొదలవుతాయి. పెరుగు వల్ల కొందరికి కాస్త సుఖంగా ఉంటుంది. అయితే అసలు పని చేసేది పీచు, నీళ్లు. పెరుగుతోపాటు పండ్లు, కూరగాయలు, పప్పులు, పొట్టుతీయని ధాన్యాలు తినకపోతే ఎన్ని బ్యాక్టీరియాలు మింగినా ఫలితం అంతంతమాత్రమే. పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు ఆ పీచే మేత.

పాలు తాగితే కడుపు ఉబ్బే స్త్రీలకు పెరుగు నిజంగా ఉపకారి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొందరికి అరగదు. పెరుగులోని బ్యాక్టీరియా ఆ చక్కెరను కొంత తోడుకునేటప్పుడే వాడేసుకుంటుంది, మిగిలినది పేగులో అరగడానికి సాయపడుతుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ నిపుణులు సైతం పరిశీలించి అంగీకరించిన విషయమిది. దీనికితోడు 100 గ్రాముల పెరుగులో 3 నుంచి 4 గ్రాముల ప్రోటీన్, సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. సూక్ష్మజీవుల సంగతి పక్కన పెట్టినా ఈ రెండింటి కోసమే పెరుగు తినవచ్చు.

గర్భధారణ మధుమేహం రాకుండా ప్రోబయోటిక్ మాత్రలు ఆపుతాయన్న ఆశ కొన్నేళ్లు బలంగా ఉండేది. దీనిమీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సంస్థ 2021 సమీక్షలో ఆ మేలు స్పష్టంగా కనబడలేదు. పైపెచ్చు, మాత్రల రూపంలో ప్రోబయోటిక్స్ తీసుకున్నవారిలో ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే స్థితి, ఎక్కువగా కనబడింది. ఇది మాత్రలకు సంబంధించిన ఫలితం, దీన్ని గిన్నెడు పెరుగుకు అంటగట్టకూడదు. కానీ రక్తపోటు ఉన్నవారు, బరువు బాగా ఎక్కువ ఉన్నవారు ‘ఏం కాదులే’ అనుకుని సొంతంగా మాత్రలు మొదలుపెట్టకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

కుటుంబంలో ఎగ్జిమా, అంటే చర్మం దురదపెట్టి ఎర్రబారే జబ్బు, అలర్జీలు బలంగా ఉంటే తల్లి ప్రోబయోటిక్స్ తీసుకోవడాన్ని పరిశీలించవచ్చని ప్రపంచ అలర్జీ సంస్థ 2015లో సూచించింది. ఆ సూచనకు ఆధారాలు చాలా బలహీనమైనవని ఆ సంస్థే చెప్పింది. అందుకని అది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం.

యోనిలో దురద, తెల్లబట్టకు పెరుగు పూయడం చేయకండి. అక్కడ సహజంగా ఉండే బ్యాక్టీరియా వేరు, పెరుగులోది వేరు. గర్భంలో ఆ లక్షణాలకు పరీక్ష, మందు అవసరం. అలాగే నెలలు నిండే సమయంలో చేసే గ్రూప్ బి స్ట్రెప్ పరీక్షలో ఆ క్రిమి ఉందని తేలితే, కాన్పు సమయంలో ఇచ్చే యాంటీబయాటిక్‌కు బదులుగా పెరుగు గానీ ప్రోబయోటిక్ గానీ పనిచేయదు.

పెరుగు తోడేయడం: గర్భిణి తినేదైతే

రోజూ చేసే పనే కాబట్టి అందరికీ వచ్చు. అయినా గర్భిణి తినే పెరుగు విషయంలో కొన్ని మెట్లు దాటవేయకూడదు.

పాలు పాశ్చరైజ్ చేసినవైనా (క్రిములు చచ్చేలా ముందే వేడిచేసి అమ్మేవి), పితికి తెచ్చినవైనా లీటరు పాలు మరిగించండి. పొంగు వచ్చాక సెగ తగ్గించి, కలుపుతూ మరో 5 నిమిషాలు ఉంచండి. దీనివల్ల రెండు పనులు జరుగుతాయి. హాని చేసే క్రిములు చస్తాయి. పాలలోని ప్రోటీన్ విచ్చుకుని, పెరుగు గట్టిగా, నీళ్లు విడవకుండా తోడుకుంటుంది. పాలు గోరువెచ్చగా చేసి తోడేస్తే రెండో పని జరగదు, పెరుగు పలచన అవుతుంది. పచ్చిపాలైతే మొదటిదీ జరగదు, అదే ప్రమాదం.

మూతపెట్టి 42 నుంచి 45 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారనివ్వండి. వంటింటి థర్మామీటర్ ఉంటే మేలు. లేకపోతే శుభ్రమైన చెంచాతో ఒక చుక్క తీసి మణికట్టు మీద వేసుకోండి. వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. వేలు పాలలో ముంచి చూసే అలవాటు మానండి, వేలితోపాటు క్రిములు దిగుతాయి.

లీటరుకు 2 టేబుల్ స్పూన్ల తోడు, అంటే సుమారు 30 గ్రాములు, చాలు. దాన్ని విడిగా గిన్నెలో కొద్దిపాటి పాలతో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాత మొత్తం పాలలో కలపండి. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గిన్నెలో పోసి, మూతపెట్టి, కదపకుండా వెచ్చటి చోట ఉంచండి. వేడి వాతావరణంలో 4 నుంచి 6 గంటలు, చలిలో 8 గంటలు లేదా కాస్త ఎక్కువ పడుతుంది. గిన్నె వంచితే గడ్డ ఒక్కటిగా అంచు నుంచి విడివడితే తోడుకున్నట్టే. వెంటనే ఫ్రిజ్‌లో 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ చల్లదనంలో పెట్టండి. గర్భిణి తినేది 3, 4 రోజుల్లో అయిపోయేలా కొద్దికొద్దిగా తోడేసుకోవడం మంచిది.

తేడా వచ్చే చోట్లు చూద్దాం. పాలు అసలు తోడుకోలేదంటే చాలావరకు పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేసి ఉంటారు. తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోయింది. ఆ పాలను రాత్రంతా అలాగే ఉంచి, తెల్లారి మళ్లీ తోడువేయడం గర్భిణి కోసం చేయకూడదు. గంటల తరబడి పులుపెక్కకుండా వెచ్చగా ఉన్న పాలలో ఏం పెరిగిందో తెలియదు. మరిగించినా కొన్ని క్రిములు విడిచిన విషం పోదు. కాబట్టి పారబోయడమే సరి.

పైన తేట తేలితే భయం లేదు. ఎక్కువసేపు బయట ఉంది, లేదా గిన్నె కదిలింది. ఆ తేటలో ప్రోటీన్, కాల్షియం ఉన్నాయి, ఒంపేయకుండా కలుపుకోండి. జిగటగా, తీగలు సాగుతుంటే తోడు చెడింది. చేదుగా ఉంటే తోడు పాతబడింది. ఈ రెండు సందర్భాల్లోనూ ఆ పెరుగును మళ్లీ తోడుగా వాడకండి, కొత్త తోడు తెచ్చుకోండి. బుడగలు లేచి సారా వాసన, ఈస్ట్ వాసన వచ్చినా, ఎక్కడైనా గులాబీ, నారింజ, ఆకుపచ్చ రంగు మచ్చలు గానీ బూజు గానీ కనబడినా గిన్నెడూ పారేయాల్సిందే. పైపొర తీసేసి కిందిది తినడం ఈ నెలల్లో కుదరదు. బూజు వేళ్లు పైకి కనబడేదాని కంటే లోతుకు వెళ్తాయి.

ఒకే తోడును నెలల తరబడి కొనసాగిస్తే అందులో బయటి క్రిములు క్రమంగా చేరతాయి. అప్పుడప్పుడు, ‘బతికున్న కల్చర్ (తోడు బ్యాక్టీరియా) ఉంది’ అని రాసి ఉన్న, తీపి కలపని ప్యాకెట్ పెరుగుతో తోడును కొత్తది చేసుకోండి.

మజ్జిగ చేసుకునేటప్పుడు ఒక జాగ్రత్త చాలామంది మరిచిపోతారు. పెరుగు ఎంత శుభ్రమైనదైనా, కలిపే నీళ్లు కాచి చల్లార్చినవో శుద్ధి చేసినవో కాకపోతే వృథా. పెరుగులోని మంచి బ్యాక్టీరియా నీళ్లలోని చెడు క్రిముల్ని చంపేస్తుందని ఆశపడకండి. ఒక వంతు పెరుగుకు రెండు మూడు వంతుల నీళ్లు, చిటికెడు ఉప్పు చాలు. వేవిళ్లతో ఏదీ ఇమడనప్పుడు చల్లటి పలుచని మజ్జిగను ఒకేసారి గ్లాసుడు కాక గుక్కెడు గుక్కెడుగా తాగితే కొందరికి నిలుస్తుంది.

వండే పదార్థంలో పెరుగు వేయాల్సి వస్తే పొయ్యి కట్టేసి, గిన్నె కాస్త చల్లారాక కలపండి. 60 డిగ్రీలు దాటితే పెరుగు బ్యాక్టీరియాలో చాలావరకు మిగలదు.

కొనేటప్పుడు లేబుల్ మీద చూడాల్సినవి

మొదట చూడాల్సింది ‘పాశ్చరైజ్ చేసిన పాలతో’ అన్న మాట. పాశ్చరైజేషన్ అంటే పాలను 72 డిగ్రీల్లో 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడిచేయడం. ఇది తోడు వేయకముందు జరగాలి. పులిశాక వేడిచేస్తే జీవం ఉండదు. అందుకే రెండోది, ‘బతికున్న కల్చర్’ అన్న సూచన. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ ప్రకారం యోగర్ట్ పేరుతో అమ్మే పెరుగులో తోడు బ్యాక్టీరియా గ్రాముకు కనీసం కోటి ఉండాలి. ప్రత్యేకంగా కలిపామని చెప్పుకునే బ్యాక్టీరియా గ్రాముకు కనీసం 10 లక్షలు ఉండాలి.

‘ప్రోబయోటిక్’ అని రాసి ఉంటే బ్యాక్టీరియా పూర్తిపేరు వెతకండి. ఉదాహరణకు ‘లాక్టికేసిబాసిల్లస్ రామ్నోసస్ జీజీ’లో చివరి ‘జీజీ’ దాని ప్రత్యేక రకాన్ని చెబుతుంది. ఒకే జాతిలోని ఒక రకం మీద రుజువైన ఫలితం ఇంకో రకానికి వర్తించదు. పాత ప్యాకెట్ల మీద ఇదే లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అని కనబడుతుంది. 2020లో శాస్త్రజ్ఞులు లాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని విడదీసి కొత్త పేర్లు పెట్టారు, పేరు మారినా బ్యాక్టీరియా అదే.

పండ్ల రుచి కలిపిన కప్పుల విషయంలో చక్కెర గమనించండి. తీపి కలపని పెరుగులో 100 గ్రాములకు 4, 5 గ్రాముల సహజ చక్కెర ఉంటుంది. లేబుల్ మీద అంతకు మించి ఉన్నది చాలావరకు కలిపినదే. గర్భధారణ మధుమేహం ఉన్నవారు వీటిని పక్కన పెట్టి, మామూలు పెరుగులో కోసిన పండుముక్కలు తమకు చెప్పిన కొలత మేరకు వేసుకోవాలి.

పెరుగు కానివి

కెఫిర్, అంటే పాలను పులియబెట్టి చేసే పానీయం, పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినదైతే తాగవచ్చు. దానికి తోడుగా వేసే కెఫిర్ గింజల్లో ఈస్ట్ కూడా ఉంటుంది కనుక కొద్ది మోతాదులో ఆల్కహాల్ తయారవుతుంది. గది ఉష్ణోగ్రతలో 24 గంటలు దాటనివ్వకండి, ఎంత ఎక్కువసేపు ఉంచితే ఆల్కహాల్ అంత పెరుగుతుంది. పులియబెట్టిన టీ పానీయమైన కొంబుచాను మాత్రం కాన్పు అయ్యేదాకా వదిలేయమంటాం. అందులో ఆల్కహాల్, కెఫీన్, చక్కెర ఉంటాయి. ఇంట్లో చేసినది పాశ్చరైజ్ కాదు, ఎంత పులిసిందో అంచనా వేయడం కష్టం.

ఉప్పులో ఊరేసి పులియబెట్టిన క్యాబేజీ, ఇతర కూరగాయలు తినాలనుకుంటే బాగా కడగడం తప్పనిసరి, మట్టితోపాటు కడుపులోని బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి రావచ్చు. కిలో కూరగాయలకు 20 నుంచి 25 గ్రాముల ఉప్పు తూకం వేసి కలపాలి, కళ్లతో కొలిచి కాదు. ఉప్పు తగ్గితే చెడు క్రిములు ముందు పుంజుకుంటాయి, మరీ ఎక్కువైతే లాక్టిక్ బ్యాక్టీరియా కూడా పెరగదు. ముక్కలు ఊట నీటిలో పూర్తిగా మునిగి ఉండాలి. పైకి తేలిన ముక్కే బూజు పట్టేది. 18 నుంచి 22 డిగ్రీల్లో 3, 4 వారాలు ఊరాక, పులుపును కొలిచే పీహెచ్ కాగితంతో చూస్తే 4 కంటే తక్కువ ఉండాలి. ఈ పని ఇంతకుముందు చేయనివారు గర్భంతో ఉండగా నేర్చుకోకపోవడమే మంచిది. తినేది రోజుకు ఒకటి రెండు చెంచాలు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, 30 గ్రాముల ఊరేసిన క్యాబేజీలోనే అర గ్రాము దాటుతుంది. రక్తపోటు ఉంటే, కాళ్లు ముఖం వాస్తుంటే దీని బదులు పెరుగే తినండి.

పచ్చిపాలతో చేసిన మెత్తటి చీజ్ ఏ రూపంలోనైనా వద్దు.

ఎంత, ఎప్పుడు

పెరుగు అలవాటు లేనివారు 50 గ్రాములతో మొదలుపెట్టి, వారంలో 150, 200 గ్రాములకు పెంచుకోవచ్చు. మొదట్లో కాస్త గ్యాస్ రావడం మామూలే. తగ్గకపోతే మోతాదు తగ్గించండి. రోజూ కొద్దిగా తినడమే మేలు. ఈ బ్యాక్టీరియా పేగుల్లో కాపురం పెట్టదు, దారిన పోతూ పనిచేసి బయటికి వెళ్లిపోతుంది. నాలుగు రోజులకోసారి పెద్ద గిన్నెడు తింటే ఆ ప్రయోజనం ఉండదు.

ఐరన్ మాత్రను పెరుగుతో, మజ్జిగతో వేసుకోవద్దు. ఇది గర్భిణులు అందరికీ వర్తిస్తుంది, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. పెరుగులోని కాల్షియం ఐరన్ ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. మాత్రకూ పెరుగుకూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి. కాల్షియం మాత్రకూ ఐరన్‌కూ మధ్య కూడా అంతే. మాత్రను నిమ్మ, నారింజ వంటి పుల్లటి పండుతో వేసుకుంటే మంచిది.

యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు కూడా పెరుగు తినవచ్చు, మోతాదుకూ దానికీ రెండు గంటలు తేడా ఉంటే చాలు. కొన్ని యాంటీబయాటిక్స్‌ను కాల్షియం కూడా అడ్డుకుంటుంది కాబట్టి మందు రాసినప్పుడే అడిగి తెలుసుకోండి.

బయటపెట్టిన పెరుగును రెండు గంటల్లో, ఎండలు మండే రోజుల్లో గంటలోనే ఫ్రిజ్‌లోకి చేర్చండి.

మాత్రలు, పొడులు

డాక్టర్ చెబితేనే. చెప్పినప్పుడు కూడా పేరు, రకం, ఎన్ని రోజులు అన్నది రాయించుకోండి. ప్యాకెట్ మీది బ్యాక్టీరియా సంఖ్య తయారైన రోజుదా, గడువు ముగిసే రోజుదా చూడండి, రెండోదే నమ్మదగినది. ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉన్నదాన్ని దుకాణంలో బయట అల్మారాలో పెట్టి అమ్ముతుంటే కొనకండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నవారు, మెడ లేదా ఛాతీలోని పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టి ఉన్నవారు వీటికి దూరంగా ఉండాలి. వారి విషయంలో ఆ సూక్ష్మజీవులే రక్తంలోకి చేరి జబ్బు చేసే వీలుంది. ముఖ్యంగా సాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్‌తో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి

పచ్చిపాలు, వాటితో చేసిన పెరుగు, చీజ్ తిన్నవారికి లిస్టీరియా సోకే ప్రమాదం ఉంది. మిగతావారితో పోలిస్తే గర్భిణులకు ఇది సోకే అవకాశం సుమారు 10 రెట్లు ఎక్కువ. ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగల క్రిమి ఇది. తల్లికి మామూలు జ్వరం, ఒళ్లునొప్పుల్లాగే ఉంటుంది, బిడ్డకు మాత్రం ప్రాణాంతకం కావచ్చు. గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు కూడా జరగవచ్చు. తిన్న మర్నాడే రావాలని లేదు, వారాల తర్వాత కూడా లక్షణాలు కనబడవచ్చు. జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు, బిడ్డ కదలికలు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకుండా వెళ్లి, ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో చెప్పండి. ఆ మాట చెబితేనే డాక్టర్‌కు రక్తం కల్చర్ పరీక్ష (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించేది) చేయించాలన్న ఆలోచన వస్తుంది. త్వరగా గుర్తిస్తే దీనికి యాంటీబయాటిక్ చికిత్స ఉంది. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం కనబడితే అదే రోజు రక్తపోటు చూపించుకోండి, వాడుతున్న ప్రోబయోటిక్ మాత్రల డబ్బాను కూడా వెంట తీసుకెళ్లండి.